అక్క నానబెట్టి వెళ్ళిన సుగంధి బెరడు

మా ఎదురు ఫ్లాట్ అక్క ఇక లేదు. ఆదివారం పొద్దున ఆమె గదిలో ఉండే అమ్మాయి చెప్పులైనా లేకుండా వచ్చి మా తలుపు తట్టింది. "అక్క ఆస్పత్రిలో పోయిందంట" అని గోడ పట్టుకుంది. అప్పుడు నేను వంటింట్లో పంచదార కొలుస్తున్నాను. ముందు రోజు మధ్యాహ్నం అక్క మా స్టీలు గిన్నెలో సుగంధి బెరడు నానబెట్టి వెళ్ళింది. పొద్దున్నే వచ్చి వడకట్టి, ఆ తర్వాత నాతో ఆస్పత్రికి వస్తానని మాటిచ్చింది. పాకానికి పంచదారా, ఆస్పత్రికి సంచీ, రెండూ సిద్ధం చేసుకుని ఆమె కోసం చూస్తున్నాను.

మాది కోనసీమ. ఆమెది రాయచోటి పక్కన పల్లె. కువైట్‌లోని ఈ ఖైతాన్‌లో మా తలుపులు ఎదురెదురుగా పడకపోతే ఒకరికొకరం తెలిసేవాళ్ళమే కాదు. ఆమె రోజూ ఒక కువైటీ ఇంటికి వంటపనికి వెళ్ళొచ్చేది. నేను ఇంటిపట్టునే ఉండేదాన్ని. లిఫ్టు చెడిపోయిన ఒక ఎండాకాలం, కూరగాయల సంచులతో మెట్లెక్కి వచ్చి వరండాలో కూలబడ్డాను. ఆమె తలుపు తీసి చూసి, లోపలికెళ్ళి గ్లాసు పట్టుకొచ్చింది.

"తాగు మే. మొగమంతా కందిపోయిండాది."

"ఏంటండీ ఇది?"

"నన్నారి. మీ పక్క తాగరా?"

"మేం సుగంధిపాల అంటామండి."

"ఏదన్నా అనుకో. ముందు తాగు."

నిమ్మకాయ పిండిన ఆ ఎర్రటి షర్బతు గొంతు దిగుతుంటే ఒళ్ళంతా నీడలోకి వచ్చినట్టయింది. అప్పటి నుంచి ఆమె నాకు అక్క.

ఊరి నుంచి ఎవరు వచ్చినా ఆమె అడిగేది ఒక్కటే, కొండల్లో తవ్విన సుగంధి వేళ్ళు. సెలవు రోజున మా వంటింట్లో పాత దుప్పటి పరిచి కూర్చునేది. వేళ్ళకు అంటిన మట్టి కడిగి, ఒక్కో వేరునీ రోకలిబండతో మెల్లగా తట్టేది. గట్టిగా కొడితే నలిగిపోతుంది, తట్టకపోతే విడివడదు. బెరడు చిట్లగానే లోపలి పుల్లను కొసన పట్టుకుని సర్రున లాగేసేది. నేను లాగితే సగంలో తెగేది.

"సలవంతా తోలులోనే ఉండాది మే. పుల్లలో ఏం లేదు, పారెయ్" అనేది.

నాకేమో అన్నీ కొలతతో చేయాలి. ఎన్ని కప్పుల బెరడుకు ఎన్ని కప్పుల నీళ్ళని అడిగితే పిడికిలి చూపించేది. ఆ పిడికిట్లోని బెరడును లాక్కుని నేను కప్పులో పోసి చూస్తుంటే పకపకా నవ్వేది. "ఏందిమే నీ లెక్కలు! మీ ఆయనకు అన్నం గూడా గింజలు లెక్కబెట్టే పెడతావా?"

మా ఆయన సులైబియాలో ఒక గోదాములో పని చేస్తారు. అక్కడ తోటి పనివాడొకాయన చైనా నుంచి వచ్చినవాడు. ఎండకు మా ఆయన తల పట్టుకుని కూర్చుంటే, మరిగించి తాగమని తమ దేశపు ఎండుబెరడు పొట్లం ఇచ్చాడు. అదీ ఏదో చెట్టు వేరు బెరడేనట, ఒళ్ళు చల్లబరుస్తుందట. అక్కకు చూపించాను. ఒక ముక్క తీసి వాసన చూసింది. చిన్న గొట్టంలా ఉన్న దాన్ని కంటికి అడ్డం పెట్టుకుని, అందులోంచి నన్ను చూసింది.

"ఈళ్ళు గూడా పుల్ల పీకేసినారు సూడు మే! అయితే ఆ దేశంలో గూడా మనుషులకు వేడి చేస్తాదన్నమాట."

ఆ మాట అన్నప్పుడు ఆమె మొహంలో కనిపించిన సంతోషం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. ఎక్కడో చుట్టాలు ఉన్నారని తెలిసినట్టు మురిసిపోయింది. మరిగిద్దామా అంటే మాత్రం ఒప్పుకోలేదు. "వాళ్ళ వేడి వేరే, మన వేడి వేరే" అని పొట్లం కట్టేసింది.

అక్క దృష్టిలో మనిషికి వచ్చే కష్టాల్లో చాలా వాటికి కారణం వేడే. కళ్ళు మండినా వేడే, కోపమొచ్చినా వేడే. ఈ వేసవిలో ఆమెకు గుండెల్లో మంట మొదలైంది. మెట్లెక్కి వచ్చి, ఎడమ చేయి నొక్కుకుంటూ మా గుమ్మంలో కూర్చునేది. దానికీ అదే పేరు పెట్టింది.

"ఇది వేడి కాదండీ అక్కా. ఆస్పత్రికి వెళ్దాం, రండి."

"ఉట్టి వేడే మే. పొద్దస్తమానం పొయ్యి కాడ నిలబడేదానికి వేడి చేయక ఇంగేం చేస్తాది?"

"చేయి లాగడం కూడా వేడేనా?"

అప్పుడు అసలు మాట చెప్పింది. "పోతే కాగితంలో ఏదో ఒకటి రాస్తారు. మామాకు తెలిసిందంటే ఖలాస్, ఇంటికి పో అంటాది. ఇప్పుడు పొయ్యేదానికి లేదు మే నాకు." మామా అంటే ఆమె పనిచేసే ఇంటి యజమానురాలు.

నేను వదల్లేదు. బతిమాలాను, తిట్టాను, మాట్లాడటం మానేశాను. చివరికి శనివారం బెరడు నానబెడుతూ లొంగింది. "రేప్పొద్దున ఇది వడకట్టేసి, యాడికి తీసుకపోతావో తీసుకపో. సరేనా? ఇంగన్నా నవ్వు."

నవ్వాను. ఆ రాత్రే ఆమె తన గదిలో పడిపోయింది. మేం నిద్రలో ఉండగానే అంబులెన్సులో తీసుకెళ్ళారట. గుండె అన్నారు డాక్టర్లు.

ఆ బెరడు మీద కోపం రాలేదని చెప్పను. గిన్నె ఎత్తి సింకులో ఒంపేద్దామనుకున్నాను. చల్లదనం దాహానికి పనికొస్తుంది గానీ ఆగిపోయే గుండెకు ఏం చేస్తుంది? ఆ సంగతి ఆమెకు తెలియదని కూడా అనుకోను. భయమేసింది. ఆ భయానికి వేడి అని పేరు పెట్టుకుంది. వేడికైతే మన చేతిలో మందుంది కదా. భయానికి ఆ వేరు ఏం చేస్తుంది పాపం.

ఎక్కువ నానితే పులుస్తుందని ఆమె చెప్పిన మాటే గుర్తొచ్చి, ఏడుస్తూనే వడకట్టాను. పాకం పట్టి సీసాల్లో పోశాను. అక్కను ఉంచిన పెట్టెను ఊరికి విమానం ఎక్కించి, ఎండలో వాడిపోయి తిరిగొచ్చిన వాళ్ళందరికీ నిమ్మకాయ పిండి ఇచ్చాను. ఆమె గదిలోని అమ్మాయి ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టేసింది. "ఇది అక్క చేసిందే" అని వెక్కివెక్కి ఏడ్చింది. పాకం నేను పట్టానని చెప్పలేదు. నానబెట్టిన చేయి అక్కదే.

అక్క బెరడును ఒక్కసారికే పారేసేది కాదు. వడకట్టాక మళ్ళీ ఆరబెట్టి రెండోసారి నానబెట్టేది. "కొంచెం తక్కువే గానీ, ఇస్తాది మే" అనేది. అలవాటుగా నేనూ ఆ బెరడును బాల్కనీలో ఆమె పాత దుప్పటి మీద ఆరబోశాను. ఎప్పుడో ఎండిపోయింది. మళ్ళీ నీళ్ళలో వేయడానికి నాకు చేతులు రావడం లేదు. మధ్యాహ్నం వేడిగాలి వీచినప్పుడు ఆ వాసన వంటింట్లోకి వస్తుంది. నిన్నటికన్నా ఇవాళ కాస్త తక్కువగా వచ్చింది.