కాలక్షేపం అన్నాను

నవంబరు నెల, శనివారం సాయంత్రం. సలోమి వాళ్ల ఇంటి ముందుగది. హాజరైనవారు: సలోమి తండ్రి, జీపు డ్రైవరు ఆనందరావు; తల్లి, మిషన్ బడిలో ఆయాగా పనిచేసే మార్తమ్మ; మేనమామ యేసుదాసు; పాస్టరు యోహాను గారు; టీ అందిస్తూ సలోమి; పక్కింటివాణ్ణి, రిటైరైన స్టేషన్ మాస్టర్ని, నేను.

ఎక్కడ ఏం జరిగినా ముందు ఇలా రాసుకోవడం ఉద్యోగం నేర్పిన అలవాటు. ఆనాటి పేజీ మళ్లీ తిరగేయాలని నాకెప్పుడూ అనిపించలేదు. కానీ ఈ ఉదయం జిరాక్సు కొట్టులో నిలబడి ఉంటే, మూలనున్న పాత కంప్యూటరు వేడెక్కి దుమ్ము కాలిన వాసన వచ్చింది. ఆ వాసనతో పాటు పదేళ్లప్పటి సలోమి గొంతు చెవిలో పడింది. "సదువు తాతా, తర్వాతది సదువు" అని.

అనంతగిరి దగ్గర కొండల్లో ఒక చిన్న స్టేషనులో ఉద్యోగం ముగించుకుని అక్కడే ఇల్లు కట్టుకున్నాను. అప్పటికి నా భార్య పోయింది. రైలు వచ్చే వేళలకు మెలకువ రావడం, చేయడానికి పనేమీ లేక మళ్లీ పడుకోవడం, అంతే నా బతుకు. ఆ రోజుల్లో ఆనందరావు, అరకులో మూతపడుతున్న నెట్ సెంటరు నుంచి ఒక కంప్యూటరు తెచ్చాడు. అందులో ఎవరో వదిలేసిన విమానం నడిపే ప్రోగ్రాం ఉంది. తెర మీద కాక్‌పిట్, మీటర్లు, ఎదురుగా రన్‌వే. విమానం కదిపే ముందు ఒక్కొక్కటీ సరిచూసుకోవలసిన పట్టీ ఇంగ్లీషులో ఉండేది. అది తప్పుల్లేకుండా గట్టిగా చదివేవాడు కావాలని ఆ పిల్ల గోడ మీంచి నన్ను పిలిచింది. స్టేషనులో నా అనౌన్స్‌మెంట్లు విన్నదట. "నీ గొంతు బాగుంటాది తాతా" అంది. నా గొంతు గురించి ఎవరైనా ఓ మాట అని చాలా కాలమైంది. వెళ్లాను.

అలా తొమ్మిదేళ్లు వెళ్లాను. నేను చదివేవాణ్ణి, ఆమె చేత్తో చూపించి జవాబు చెప్పేది. ఒకరోజు విశాఖలో ఎగిరి మా కొండల మీదికి వచ్చింది. తెర మీద పచ్చటి ముద్దలు తప్ప ఏమీ లేవు. కాఫీ తోటలు లేవు, రైలు కట్ట లేదు, నా స్టేషను అసలే లేదు. నేను కాస్త నొచ్చుకున్నాను. సలోమి తల తిప్పకుండానే అంది: "రిటైరైపోనావు గదా తాతా, తీసేసుంటారు."

మా ఊళ్లో కరెంటు సంగతి చెప్పక్కర్లేదు. సరిగ్గా విమానం దిగబోతుంటే పోయేది. మొదటిసారి పోయినప్పుడు నేను లేచి చెప్పుల కోసం వెతుక్కుంటున్నాను.

"ఏటి తాతా, ఎక్కడికి?"

"కరెంటు పోయింది కదమ్మా."

"కరెంటు పోతే ఇమానంలో ఉన్నోల్లు ఏటయిపోతారు? కూకో. ఎత్తెంతో సెప్పు."

నేను చీకట్లో కూర్చుని, చివరగా చూసిన అంకె గుర్తు తెచ్చుకుని, కొంచెం కొంచెం తగ్గిస్తూ ఎత్తు చెప్పాను. ఆమె ఏ చేత్తో ఏది లాగుతున్నదీ, విమానం ముక్కు ఎంత ఎత్తుతున్నదీ పైకి చెబుతూ, చక్రాలు నేలకు తగిలాయని తాను అనేదాకా ఆగలేదు. అప్పుడు గానీ మార్తమ్మను దీపం తెమ్మనలేదు. ఉద్యోగం అయిపోయాక, నా మీద ఆధారపడి ఎవరో ఉన్నారని నాకు అనిపించింది ఆ చీకట్లోనే. నన్ను మళ్లీ మనిషిని చేసింది ఆ పిల్ల అంటే అతిశయోక్తి కాదు. పొద్దున్నే గడ్డం గీసుకోవడం మళ్లీ మొదలుపెట్టాను. అరవై దాటాక గాలి గురించీ మేఘాల గురించీ పుస్తకాలు తెప్పించి చదివాను. సలోమి ఇంటరు పూర్తిచేసి, ఫ్లయింగ్ స్కూల్లో ప్రభుత్వం చదివించే సీటుకు రాత పరీక్ష కూడా నెగ్గింది.

ఆ శనివారం అందరూ కూర్చున్నది అందుకే. మంగళవారం హైదరాబాదులో ఇంటర్వ్యూ. సోమవారమే విశాఖలో నర్సింగు సీటులో చేరి, సర్టిఫికెట్లు అక్కడే అప్పగించాలి. ఏదో ఒకటే. ఇంట్లో ఎవరికీ తేలలేదు. పక్కన కూర్చుని చూసినవాడు మాస్టారే కాబట్టి, ఆయన ఎటంటే అటని ఆనందరావు నా వైపు తిరిగాడు. నేను చెప్పవలసింది ఒక్క వాక్యం. అది ఇంటి దగ్గరే అనుకుని వచ్చాను.

నేను నోరు తెరిచేలోగా యేసుదాసు నవ్వాడు. "మాస్టారు కూడా రోజూ ఇమానం నడిపేత్తారంట గదా. ఏటి మాస్టారూ, టోపీ అదీ ఎట్టుకుంటారా?"

అందరూ నవ్వారు. పాస్టరు గారు కూడా. చెడ్డ నవ్వేం కాదు. కానీ ముప్పై ఏళ్లు పచ్చజెండా పట్టిన నేను, పిల్లల ఆటబొమ్మ ముందు కూర్చున్న ముసలివాడిలా వాళ్లకు కనబడుతున్నానని ఒక్కసారిగా తోచింది. ముఖం కాలిపోయింది. "అబ్బే, ఏదో కాలక్షేపం. చిన్నపిల్ల ముచ్చట" అన్నాను.

అంతే. "మాస్టారే అలగన్నాక ఇంకేటుంది" అని ఆనందరావు నర్సింగు కాగితాలు తెమ్మన్నాడు. సలోమి టీ గ్లాసులు తెచ్చింది. ఎప్పటిలాగే మొదటి గ్లాసు నా ముందు పెట్టింది. వేడి చల్లారేదాకా దాన్ని పట్టుకుని కూర్చున్నాను. సర్దుకుని ఒక మాట చెప్పడానికి కావలసినంత సమయం ఉంది. చెప్పలేదు.

మర్నాడు ఆదివారం. నేను గుళ్లకే సరిగా వెళ్లనివాణ్ణి, చర్చికి వెళ్లి మగవాళ్ల వైపు చాప మీద చివర కూర్చున్నాను. పాటలయ్యాక, సాక్ష్యం చెప్పేవాళ్లుంటే చెప్పమని పాస్టరు గారు అడిగారు. దేవుడు తమకు చేసిన మేలు లేచి నలుగురిలో చెప్పడం అక్కడి ఆనవాయితీ. ఒకామె బిడ్డకు జ్వరం తగ్గిందని చెప్పింది. తర్వాత నేను లేచాను. 

"నాకు చెప్పే హక్కు లేదు. అయినా వినండి. నిన్న సలోమి విషయంలో అబద్ధం చెప్పాను. నవ్వుతారని సిగ్గుపడి చెప్పాను. ఆ పిల్లది ఆట కాదు. తొమ్మిదేళ్లు పక్కన కూర్చున్నాను, నాకు తెలుసు. ఆమెను పంపండి."

 ముందు వరసలో ఒక ముసలామె, ఏ సాక్ష్యానికైనా అనే అలవాటు కొద్దీ, "స్తోత్రం" అంది. యేసుదాసు తల దించుకుని చాప ఈనెలు పీకుతున్నాడు. ఆడవాళ్ల వైపు నుంచి మార్తమ్మ లేచి నిలబడింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"అయితే బేగి సెప్పండి మాస్టారూ," అంది. "అయిదరాబాదుకి ఏ బండి ఎక్కాల?"

మధ్యాహ్నం జీపులో కొండ దిగితే విశాఖలో రాత్రి బండి అందుతుందని చెప్పాను. జీవితమంతా చెప్పిన మాటలే.  ఆ రోజు మాత్రం రెండోసారి చెప్పవలసి వచ్చింది. తల్లి పక్కన సలోమి కదలకుండా కూర్చుని ఉంది. నా వైపు తిరగలేదు. తల మీది ముసుగు కొంచెం ముందుకు లాక్కుంది. దాని కింద ఆ ముఖం ఎలా ఉందో నేను చూడలేదు.