ఎరుపు నలుపు వైరు చుట్ట

రోలీ పిల్లింగ్ చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిల్ ముక్క ఉండేది. స్నానం చేసేటప్పుడు కూడా తీయడని మా వీధిలో ఒక పుకారు. ఆ పుకారు పుట్టించింది నేనే. రోలీకి అది తెలుసు. తెలిసి, నా సైకిల్ సీటుకి గ్రీజు పూశాడు. మా ఇద్దరి స్నేహం అలాంటిది. నాకు పంతొమ్మిది, ఆయనకు అరవై ఎనిమిది.

మాది ఇంగ్లండులో ఓల్డమ్ ఊరు, గార్నెట్ వీధి. రెండు వరసల ఇటుక ఇళ్ళు, ఒకదానికొకటి భుజాలు ఆనించుకుని నిలబడి ఉంటాయి. రోలీ బస్సు డిపోలో ముప్ఫై నాలుగేళ్ళు మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, "దానికి కూడా కౌన్సిల్ కాగితం కావాలటగా!" అనేవాడు.

కౌన్సిల్ కాగితం మీద ఆయనకున్న కోపానికి ఒక కథ ఉంది. పూర్వం ఎవరింట్లో వాళ్ళు కరెంటు పని చేసుకుంటే అడిగేవాడు లేడు. 2005లో చట్టం వచ్చింది. స్నానాలగదిలోనో వంటింట్లోనో కొత్తగా వైరు లాగాలంటే లైసెన్సు ఉన్న మనిషిని పిలవాలి, లేదా ముందే కౌన్సిల్‌కి రాసి, వాళ్ళ ఇన్‌స్పెక్టరు వచ్చి పరీక్ష చేసేదాకా ఆగాలి. రోలీ బుద్ధిగా ఒకసారి రాశాడు. వచ్చినవాడు మెరిసే బూట్ల కుర్రాడు. వంటింటి ప్లగ్గు విప్పించి, లోపలికి టార్చి కొట్టి, "ఎర్త్ వైరు వదులుగా ఉంది పెద్దాయనా. మళ్ళీ బిగించండి" అన్నాడట.

"బిగించేవాణ్ణే. టీ తాగి బిగిద్దామనుకున్నా" అనేవాడు రోలీ, పదేళ్ళ తర్వాత కూడా. ఆ మాట చెప్పేటప్పుడు చెవులు ఎర్రబడేవి.

అంతే. మళ్ళీ కౌన్సిల్‌కి ఒక్క ముక్క రాయలేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే వైర్ల రంగులు కూడా మారాయి. అంతకుముందు ఎరుపు, నలుపు. ఆ తర్వాత గోధుమ, నీలం. కొట్లన్నీ పాత రంగు వైరు వదిలించుకుంటుంటే రోలీ పెద్ద చుట్టలు కొని తెచ్చి వెనక షెడ్డులో పెట్టుకున్నాడు.

"ఇది వైరు కాదురా కోతీ. పాత కేలండరు" అన్నాడు నాతో. "గోడ పగలగొట్టి ఎరుపు నలుపు చూసిన ఏ ఇన్‌స్పెక్టరైనా ఏమనుకుంటాడు? చట్టం రాకముందు పని అనుకుంటాడు. ముందు పనికి కాగితం అడగడు."

ఆ చుట్టల సంగతి నాకు ఎలా తెలిసిందంటే, అదీ నా నిర్వాకమే. ఒక ఏప్రిల్ మొదటి తారీఖున కౌన్సిల్ పేరుతో నేనే ఒక ఉత్తరం టైపు చేసి, బంగాళాదుంప కోసి ముద్ర తయారుచేసి కొట్టి, ఆయన తలుపు సందులోంచి వేశాను. "మంగళవారం పది గంటలకు మీ షెడ్డు తనిఖీ." మంగళవారం తొమ్మిదింటికి రోలీ ఒక పాత పిల్లల బండిలో చుట్టలు పెట్టి, పైన ఉల్లికాడలు పరిచి, దుప్పటి కప్పి, కూరల తోట వైపు తోసుకుపోతున్నాడు. ఎదురొచ్చిన ఒకావిడ పాప పేరేమిటని అడిగింది. రోలీ ఆగకుండా "వాయొలెట్" అన్నాడు. నేను గోడ వెనక కూర్చుని కడుపు పట్టుకుని నవ్వాను.

మా వీధిలో ఎవరికి ప్లగ్గు కావాలన్నా రోలీయే. టీ ఇస్తే చాలు. పని అయ్యాక, స్విచ్ ప్లేటు బిగించే ముందు, చెవి మీది పెన్సిల్ తీసి గోడ మీద తన పేరులో మొదటి అక్షరాలు, తేదీ రాసేవాడు. ప్లేటు బిగిస్తే అది కనబడదు. వైరుతో ఊరందరికీ అబద్ధం చెప్పే మనిషి ప్లేటు వెనక మాత్రం నిజం రాసుకునేవాడు. ఎందుకని అడిగాను. "పని చేసినవాడు సంతకం చెయ్యాలిరా. లేకపోతే అది దొంగతనం" అన్నాడు. అందులో జోకేమీ లేదు, నిజంగానే అన్నాడు.

పద్నాలుగో నంబరు ఇల్లు సిరిల్ ఫిటన్‌ది. సిరిల్, రోలీ చిన్నప్పటి నుంచి జతగాళ్ళు. సిరిల్ కూడా ఇంటి పనులన్నీ తనే చేసుకునేవాడు, కాకపోతే ప్లాస్టరింగ్ మాత్రం చేతకాదు. ఆయన వేసిన పైకప్పు చూస్తే సముద్రంలా అలలు కనబడేవి. సిరిల్ 2014లో పోయాడు. భార్య మావిస్ మెట్లెక్కలేక ఇల్లు అమ్మేసి, వీధి చివర ముసలివాళ్ళ ఫ్లాట్లలోకి మారింది. కొన్నది బ్రయనీ అనే అమ్మాయి. ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసేది. ఒక్కతే ఉండేది. నవ్వితే వీధి చివరికి వినబడేది.

ఆ ఇంట్లో స్నానానికి తొట్టి ఒక్కటే ఉండేది. డ్యూటీ నుంచి అలసిపోయి వచ్చాక తొట్టి నిండేదాకా కూర్చునే ఓపిక లేదని, కరెంటు షవరు పెట్టిస్తావా అని 2017లో రోలీని అడిగింది. మాంసం కూరి, గుడ్డలో కట్టి ఉడికించిన పుడ్డింగు చేసి పెడతానంది. రోలీకి అంతకంటే ఏం కావాలి?

షవరుకి లావు వైరు పడుతుంది. రోలీ దగ్గర లావు చుట్టలో మిగిలింది రెండు గజాలు తక్కువైంది. కొత్తది కొంటే గోధుమ నీలం వస్తుంది, పాత కేలండరు పాడవుతుంది. అందుకని ఎక్కడో ఇంకో ఎరుపు నలుపు ముక్క సంపాదించి, అటక మీద రెండూ అతికాడు. ఆ రోజు మధ్యాహ్నం పుడ్డింగు తిని నా దగ్గరకొచ్చి కడుపు నిమురుకుంటూ, "స్వర్గం రా. ఈ పిల్లని ఎవడు చేసుకుంటాడో గానీ అదృష్టవంతుడు" అన్నాడు.

ఎవరూ చేసుకోలేదు. 2021 అక్టోబరులో ఒక ఆదివారం బ్రయనీ డ్యూటీకి రాలేదు. స్నేహితురాలు వచ్చి తలుపు కొట్టింది. పోలీసులు తలుపు పగలగొట్టారు. మేడ మీద షవరు నీళ్ళు ఇంకా పడుతూనే ఉన్నాయట.

మేమంతా చలిలో రోడ్డు మీద నిలబడ్డాం. రోలీ కూడా వచ్చాడు. ఎవరో "షాక్ కొట్టిందట" అన్నారు. రోలీ చెయ్యి చెవి దగ్గరకు వెళ్ళి, పెన్సిల్ తీసి, జేబులో పెట్టుకుంది. అది నేను చూశాను.

ఇలాంటి చావులకి మా దగ్గర ఒక అధికారి కూర్చుని విచారణ జరుపుతాడు. నవంబరులో జరిగింది. కౌన్సిల్ పంపిన ఇంజనీరు లేచి చెప్పాడు. అటక మీద అతుకులో ఎర్త్ వైరు ఊడిపోయింది. పాత ఫ్యూజు బోర్డులో, షాక్ కొట్టగానే కరెంటు ఆపేసే పరికరం లేదు. షవరు డబ్బాలో లోపం వచ్చినప్పుడు కరెంటు నేలలోకి పోవడానికి ఇంకో దారి లేక నీళ్ళలోకి దిగింది. ఎవరైనా ఒక్కసారి పరీక్ష చేసి ఉంటే అయిదు నిమిషాల్లో దొరికేది.

"ఎప్పుడు లాగిన వైరు?" అడిగాడు అధికారి.

"ఎరుపు నలుపు రంగులండీ. చట్టం రాకముందుది. డబ్బా మాత్రం కొత్తది. పాత షవరు తీసేసి ఆ అమ్మాయి కొత్తది పెట్టించుకుని ఉంటుంది. వైరు పాత యజమాని చేసిందే."

పాత యజమాని అంటే సిరిల్. మావిస్‌ని పిలిచారు. ఆవిడ కోటు గుండీలన్నీ పెట్టుకుని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"మా ఇంట్లో షవరు లేదండీ. తొట్టే. ఆయన వీపు నేనే రుద్దేదాన్ని" అంది.

"మీకు ఎనభై మూడు కదమ్మా?" అన్నాడు అధికారి. మర్యాదగానే అన్నాడు. "ఇన్నేళ్ళయింది. మర్చిపోవడం సహజం."

"వీపు మర్చిపోతానా?"

ఎవరో కిసుక్కుమన్నారు. అధికారి రాసుకోలేదు. బయట వరండాలో బ్రయనీ తల్లి మావిస్ ముందుకొచ్చి నిలబడి, "మీ ఆయన బతికుంటే అడిగేదాన్ని. మీకు గుర్తే లేదు. నేనెవర్ని అడగాలి?" అంది. విచారణ జనవరికి వాయిదా పడింది.

ఆ వారమే మావిస్ రోలీ షెడ్డుకి వచ్చింది. అప్పుడు నేను అక్కడే ఉన్నాను, పానా తిరిగివ్వడానికి వెళ్ళి.

"రోలీ, నువ్వు రోజూ మా ఇంట్లోనే పడి ఉండేవాడివి కదా. ఒక్క మాట చెప్పు. మాకు షవరు ఉండేదా?"

రోలీ చేతిలో ఉన్న స్క్రూల డబ్బాలోకి చూశాడు.

"గుర్తులేదు మావిస్" అన్నాడు.

"నీకూ లేదా?" అంది ఆవిడ. మొహం ఒక్కసారిగా ముసలిదైపోయింది. "అయితే ఉండే ఉంటుంది. అంత చదువుకున్న ఇంజనీరు చెప్పాడంటే… నేనే ఏదో కలగంటున్నాను."

ఆవిడ వెళ్ళాక అడిగాను. "చుట్ట ఏది?"

"ఏ చుట్ట?"

"వాయొలెట్."

రోలీ డబ్బా కింద పెట్టాడు. "చెబితే జైలురా."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే సిరిల్‌కి ఏమవుతుంది? చచ్చినవాణ్ణి జైల్లో పెట్టరుగా. వాడే ఉంటే 'నా మీద వేసెయ్ రా రోలీ' అనేవాడు."

"మావిస్ చావలేదు రోలీ."

"పో బయటికి" అన్నాడు. పోయాను. నేనే వెళ్ళి ఆ అధికారికి చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. ఊరందరి గుట్టూ రట్టు చేసే నాకు ఆ ఒక్క గుట్టు దగ్గర నోరు పెగల్లేదు. ఆ రెండు నెలల్లో నా వాటా కూడా ఉంది.

ఆ రెండు నెలల్లో మావిస్ తన వంటింటి అలమరల మీద చీటీలు అంటించుకుంది. "కప్పులు." "పంచదార." బస్సెక్కడం మానేసింది, దిగాల్సిన చోటు మర్చిపోతానేమోనని. డాక్టరు దగ్గర జ్ఞాపకశక్తి పరీక్షకి పేరు రాయించుకుంది. క్రిస్మస్ ముందు రోజు రోలీ ఇంటికి వెళ్ళి తన ఫ్లాటు రెండో తాళంచెవి ఆయన చేతిలో పెట్టింది.

"లోపల గడియ పెట్టుకుని మర్చిపోతే తియ్యడానికి ఒకరు ఉండాలి కదా. నాకు తెలిసినవాళ్ళలో నమ్మకమైనవాడివి నువ్వే."

ఈ మాట రోలీయే నాకు తర్వాత చెప్పాడు. చెప్పి, "పండక్కి అన్నం మింగుడు పడలేదు" అన్నాడు.

జనవరిలో అధికారి తీర్పు చదవడానికి కాగితాలు సర్దుకుంటుంటే వెనక బెంచీలోంచి రోలీ లేచాడు. డిపోలో రిటైరైన రోజు ఇచ్చిన కోటు వేసుకున్నాడు. గుప్పెట్లో ఏదో పట్టుకున్నాడు.

"అయ్యా, ఆ వైరు నాది."

"మీరెవరు?"

"రోలండ్ పిల్లింగ్. సిరిల్ చచ్చిపోయిన మూడేళ్ళకి లాగాను. పాత వైరు కావాలనే వాడాను, మీలాంటివాళ్ళు మోసపోవాలని. మోసపోయారు."

ఇంజనీరు ముఖం ఎర్రబడింది. "ఋజువేమిటి?" అన్నాడు.

"స్నానాలగది పైకప్పుకి తాడు లాగే స్విచ్ ఉంది. ఆ డబ్బా విప్పండి. వెనక చూడండి."

మధ్యాహ్నానికి ఫొటో వచ్చింది. అధికారి కళ్ళద్దాలు పెట్టుకుని గట్టిగా చదివాడు. "ఆర్.పి., 11 జూన్ 2017." కింద ఇంకో వరస ఉంది. దాన్ని చదవాలా వద్దా అని ఒక్క క్షణం ఆగి, చదివాడు. "సిరిల్, నీ ప్లాస్టరింగ్ నీ మొహంలాగే ఉందిరా."

మావిస్ ఒక్కతే పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని, అధికారి వైపు తిరిగి, "తొట్టే అని చెప్పానా లేదా?" అంది. ఈసారి ఆయన రాసుకున్నాడు.

వరండాలో రోలీ ఆవిడకి ఎదురుపడ్డాడు. పోలీసు ఒకడు పక్కనే ఉన్నాడు.

"మావిస్…" అన్నాడు.

మావిస్ అరచెయ్యి చాచింది. "తాళంచెవి" అంది.

రోలీ గుప్పెట విప్పి ఇచ్చాడు. ఆవిడ దాన్ని సంచిలో వేసుకుని, జిప్పు లాగి, వెళ్ళిపోయింది. బ్రయనీ తల్లి గోడకి ఆనుకుని నిలబడి ఇదంతా చూసింది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

రోలీకి జైలు పడింది. డెబ్భై నాలుగో ఏట వెళ్ళి తొమ్మిది నెలలు ఉండి వచ్చాడు. ఈలోగా కౌన్సిల్ వాళ్ళు మా వీధిలో ప్రతి ఇంటి ప్లేట్లూ విప్పారు. తొమ్మిది ఇళ్ళలో పెన్సిల్ రాతలు దొరికాయి. మా వంటింట్లో కెటిల్ పెట్టే ప్లగ్గు వెనక, తేదీ కింద ఇలా ఉంది: "ఈ ఇంటి కోతి నా టీలో ఉప్పు కలిపింది." చదివి నవ్వబోయాను. కౌన్సిల్ మనిషి మీటరుతో లోపల కెలికి, "ఇక్కడ ఎర్త్ బిగించనేలేదు" అన్నాడు. మా అమ్మ రోజూ తడిచేతులతో పట్టుకునే ప్లగ్గు అది. నేను ఉప్పు కలిపిన టీ ఆయన సగంలో వదిలేసి విసురుగా వెళ్ళిపోయిన రోజు నాకు గుర్తుంది. ఆ రోజు స్క్రూ బిగించాల్సిన చెయ్యి నన్ను తరమడానికి లేచిందో ఏమో.

జైలు నుంచి వచ్చాక వీధిలో ఎవరూ రోలీని తిట్టలేదు. పిలవలేదు కూడా. మావిస్ ఎదురొస్తే ఆయనే అవతలి పక్కకి దాటేవాడు. నేను శుక్రవారాలు చేపలు, చిప్స్ పట్టుకెళ్ళేవాణ్ణి. పోయిన నెల వెళ్ళేసరికి వీధి గదిలో లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ ఒకడు నిచ్చెన దిగుతున్నాడు. బల్బు మాడిపోతే రోలీ అతన్ని పిలిపించాడు. బల్బు మార్చడానికి ఏ చట్టంలోనూ ఎవరి అనుమతీ అక్కర్లేదు.

"అయిపోయింది" అన్నాడు అతను, చేతులు దులుపుకుంటూ.

"కాగితం?" అన్నాడు రోలీ.

"బల్బుకి కాగితమేంటి పెద్దాయనా? తమాషా చేస్తున్నారా?"

"రాయి నాయనా. తేదీ వేసి రాయి. సంతకం పెట్టు."

అతను నా వైపు చూశాడు, ఇదేదో నేను ఆడిస్తున్న నాటకమేమోనని. నేను తల అడ్డంగా ఊపాను. అతను జేబులు తడుముకున్నాడు. రాయడానికి ఏమీ లేదన్నాడు.

రోలీ దగ్గర కూడా లేదు. నేనే పక్కింటికి వెళ్ళి పెన్ను అడిగి తెచ్చాను.