వేలి కింద నుంచి జారిన బటన్

2023. నోయిడాలో ఆఫీసు, ఇందిరాపురంలో ఇల్లు. వెబ్‌సైట్లు కట్టే పనిలో నాకప్పటికే పదకొండేళ్ళు. లక్ష్మీనగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌కి మాక్ ఇంటర్వ్యూల బుకింగ్ పేజీ చేసిచ్చాను. సివిల్స్ ఇంటర్వ్యూకి వెళ్ళేవాళ్ళు ముందు ఇక్కడ ఉత్తుత్తి బోర్డు ముందు కూర్చుని అలవాటు పడతారు. తెలుగులో ఇచ్చేవాళ్ళకి అక్కడ బోర్డు ఏడాదికి ఒక్క రోజే.

ఆ రోజుకి ఇంకా మూడు రోజులుందనగా మేనేజర్ ఫోన్ చేశాడు. ఒకమ్మాయి స్లాట్ తనే క్యాన్సిల్ చేసుకుని ఇప్పుడు గొడవ పెడుతోందిట. మీ భాషలో మీరే నచ్చజెప్పండని ఫోన్ ఆమెకిచ్చాడు.

"అక్కా, నేను కన్ఫర్మే ఒత్తిన," అంది. పేరు స్రవంతి, నారాయణపేట పిల్ల.

"లాగ్‌లో క్యాన్సిల్ అని ఉందమ్మా." ఎవరు ఏది నొక్కారో సర్వర్ రాసుకునే చిట్టాని లాగ్ అంటాం.

"ఏమో అక్కా, నా వేలే తప్పేమో. గని తెలుగుల ఒక్కసారి గూడ మాట్లాడి చూసుకోకుండ అసలు బోర్డు ముంగట ఎట్ల కూసోవాలె?"

నా పేజీకి వంకా అని ముందు ఒళ్ళు మండింది. ఆఫీసులో పాతికసార్లు తెరిచి చూశాను, నిక్షేపంలా ఉంది. కానీ నా వేలే తప్పేమో అన్న ఆ మాట నన్ను వదల్లేదు. మర్నాడు లాప్‌టాప్ పట్టుకుని మెట్రో ఎక్కాను.

స్రవంతి ఉండే పీజీ గది బేస్‌మెంట్‌లో. సిగ్నల్ ఒక్క గీత. ఆమె పాత ఫోన్లో బ్రౌజర్ దాచుకున్న పేజీ బొమ్మలన్నీ తుడిచేసి, నా టెస్ట్ లాగిన్‌తో పేజీ తెరిచాను. పైన క్యాన్సిల్, దాని కింద కన్ఫర్మ్ వచ్చాయి. కన్ఫర్మ్ నొక్కబోతుంటే, పేజీ నెత్తి మీద టాపర్ల ఫోటోల బ్యానర్ అప్పుడు తీరిగ్గా ఊడిపడింది. అంతా కిందికి జరిగి, కన్ఫర్మ్ ఉన్న చోట క్యాన్సిల్ వచ్చి కూర్చుంది. నా వేలు దాని మీదే పడింది.

దీన్ని లేఔట్ షిఫ్ట్ అంటారు. బొమ్మ ఎత్తు, వెడల్పు ముందే రాసిపెడితే అది వచ్చేదాకా బ్రౌజర్ ఆ జాగా ఖాళీగా అట్టేపెడుతుంది. నేను రాయలేదు. నా లాప్‌టాప్ ఆ బొమ్మని ఎప్పుడో దాచుకుంది కాబట్టి పాతికసార్లూ టక్కున చూపించింది. చాలా సిగ్గేసింది.

అక్కడి నుంచే మేనేజర్‌కి ఫోన్ చేశాను. "తప్పు అమ్మాయిది కాదు, నాది. కావాలంటే మెయిల్లో రాసిస్తాను."

కాసేపు నసిగాడు. ఆ స్లాట్ అప్పటికే ఇంకొకరికి వెళ్ళిపోయింది. చివరికి, "అచ్ఛా, ఠీక్ హై. బోర్డుని అరగంట ఎక్కువ కూర్చోమంటాను," అని కొత్త స్లాట్ తెరిచాడు.

అక్కడే కూర్చుని పేజీ సరిచేసి ఫోన్ ఆమె చేతికిచ్చాను. ఈసారి బ్యానర్ వచ్చినా ఏదీ కదల్లేదు. స్రవంతి బొటనవేలు మాత్రం గాల్లోనే ఆగింది.

"నొక్కమ్మా, ఇంక జరగదు."

"తెల్సక్కా. పది లెక్కవెట్టి ఒత్తుత."

అప్పటి నుంచీ ఏ పేజీ చేసినా ముందు పాత ఫోన్లో, ఒక్క గీత సిగ్నల్ మీద తెరిచి చూస్తాను. ఎవరైనా తప్పు బటన్ నొక్కారంటే, నొక్కేటప్పుడు అక్కడ ఏముందని అడుగుతాను. పేజీ కదలకుండా చేయడానికి నాకు రెండు లైన్లు పట్టాయి. ఆ పిల్ల చేత ఆ పది లెక్క మాన్పించడం మాత్రం నా వల్ల కాలేదు.