పక్క సీటు పనులు

వీధిలో అందరికీ ఆవిడ ఎక్స్ఛేంజీ అక్కే. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేసి రిటైరై ఎనిమిదేళ్ళయింది గానీ, ఆ పేరు మాత్రం ఇంకా రిటైర్ కాలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక చేత్తో తీగ లాగి, నాలుగొందల కన్నాల బోర్డులో కావలసిన కన్నంలో చూడకుండా గుచ్చేది. "బోర్డు వంక చూసే అమ్మాయికి ఇంకా పని రాలేదని లెక్క" అనేదట సూపర్‌వైజరమ్మ. ఆ మాట చెప్పుకుని ఇప్పటికీ మురిసిపోతుంది. మురిసిపోదూ మరి, ఆ వేళ్ళు అలాంటివి!

ఆ వేళ్ళ ధైర్యంతోనే ఒక పెద్ద అబద్ధం ఆడింది. చూపు అంచుల నుంచి లోపలికి మూసుకొస్తుందని కంటి డాక్టరు ఆరేళ్ళ కిందటే చెప్పాడు. మొదట చీకటి పడ్డాక కనబడటం మానేసింది. తర్వాత పక్కలు పోయాయి. ఇంతవరకూ వాళ్ళాయనకి తెలుసు. మధ్యలో మిగిలిన ఆ కాస్త గుండ్రటి చూపు కూడా పోయిన ఏడాది చల్లగా జారుకుందనీ, ఇప్పుడు వెలుతురుకీ నీడకీ తేడా తప్ప ఏమీ తెలియడం లేదనీ తెలియదు. డాక్టరు దగ్గరికి వెళ్దామన్నప్పుడల్లా ఏదో ఒక వంక పెట్టేది. "ఎలా ఉంది?" అని ఆయన అడిగితే, "అలాగే ఉందండీ" అనేది.

ఎందుకు దాచిందంటే, చూపు ఒక మెట్టు దిగినప్పుడల్లా ఆయన ఆవిడ చేతిలోంచి ఒక పని లాక్కున్నాడు. ముందు ఇస్త్రీ, తర్వాత కత్తిపీట, ఆ తర్వాత పొయ్యి, చివరికి టీ గిన్నె. ప్రేమగానే లాక్కున్నాడు, అదే చిక్కు. కోపంగా లాక్కుంటే నోరు పెట్టుకుని పోట్లాడొచ్చు. "నువ్వు కూర్చోవోయ్" అనే మొగుడితో ఏమని పోట్లాడతాం?

మిగిలింది కారొక్కటే. పంతొమ్మిదేళ్ళ పాత కారది. డ్రైవింగ్ ఆయనది, పక్క సీటు పనులన్నీ ఆవిడవి. "ఏమోయ్, పాట పెట్టు", "కాస్త చల్లగాలి", "ఈ వార్తలు వద్దు, మార్చు" అని ఆయన రోడ్డు మీద నుంచి కళ్ళు తిప్పకుండా అనేవాడు. ఆవిడ చెయ్యి వెళ్ళి ఆ మీట తిప్పేది. గరుకు అంచున్నది పాటలకి, నున్నటిది గాలికి. కళ్ళున్నవాళ్ళు కూడా అంత తొందరగా తిప్పలేరు. ఆ కారులో కూర్చున్నంతసేపూ ఆవిడ ఎవరికీ బరువు కాదు.

ఆయనది కుళాయిల షాపు. ఊళ్ళో సగం స్నానాల గదులకి పంపులూ షవర్లూ ఆయనవే. ఆయన అమ్మే తీరే వేరు. కొనడానికి వచ్చినవాణ్ణి కళ్ళు మూసుకోమంటాడు. "మొహమంతా సబ్బు ఉన్నప్పుడు చేతికి దొరకని కుళాయి ఎందుకండీ, దండగ!" అంటాడు. అలా కళ్ళు మూయించి ముప్ఫై ఏళ్ళు వ్యాపారం చేసినవాడు, అరవై నాలుగో ఏట తనకంటూ ఒక పెద్ద కారు కొనుక్కోవాలని ముచ్చటపడ్డాడు. మంచి సెడాన్. తోలు సీట్లు, లోపల బయటి చప్పుడు వినబడకూడదు. తప్పేముంది? జన్మకో ముచ్చట ఉండొద్దూ!

మొదటి షోరూమ్‌లోనే ఆయన మనసు పారేసుకున్నాడు. డాష్‌బోర్డంతా ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకే అద్దం. "లోపల ఒక్క మీట కూడా ఉండదు సార్, అన్నీ స్క్రీన్ మీదే" అంది షోరూమ్ అమ్మాయి, అదేదో వరమన్నట్టు. ఆయన చిన్నపిల్లాడిలా ఆ బొమ్మలు జరుపుతూ కూర్చున్నాడు. పక్క సీట్లో అక్క చెయ్యి మెల్లగా ముందుకు వెళ్ళింది. నున్నగా, చల్లగా తగిలింది. ఎంత తడిమినా ఒక గీతా లేదు, గుబ్బా లేదు. అక్క చెయ్యి వెనక్కి తీసుకుంది.

నడిపి చూద్దామని రోడ్డెక్కారు. ఆ అమ్మాయి ఆయన ఫోన్‌ని కారుకి కలిపి, వెనక సీట్లో కూర్చుంది. రెండో మలుపు తిరగ్గానే ఆయన అలవాటు కొద్దీ, "ఏమోయ్, పాట పెట్టు" అన్నాడు.

అక్క అద్దం మీద ఒకచోట నొక్కింది. సీటు గుర్రుమంటూ ఆవిడ వీపు పిసకడం మొదలుపెట్టింది. ఉలిక్కిపడి ఇంకోచోట నొక్కింది. కారంతా మోగిపోయేలా ఫోన్ వెళ్ళింది. "అయ్యగారూ, షవర్లు దిగాయండీ, రెండు పగిలాయండీ!" అని షాపు గుమాస్తా గొంతు.

ఆయన పగలబడి నవ్వాడు. గుమాస్తాకి తర్వాత మాట్లాడతానని చెప్పి, "ఎదురుగానే ఉందిగా, పచ్చటి బొమ్మ! అది నొక్కు" అన్నాడు.

"ఏ బొమ్మ?"

"అదేనోయ్, అరచెయ్యంత ఉంది."

అక్క వేలు గాలిలోనే ఆగిపోయింది. ఆయన నవ్వు కూడా ఆగింది. కారు పక్కకి తీసి ఆపాడు.

వెనక నుంచి ఆ అమ్మాయి, "నొక్కక్కర్లేదు మేడమ్, నోటితో అడిగితే చాలు, అదే పెట్టేస్తుంది" అంది.

"అడగడం నాకు ఇంట్లో సరిపోతోందమ్మా" అంది అక్క. మంచినీళ్ళకి అడగాలి, తాళం చెవికి అడగాలి, ఇక్కడ కారుని కూడా అడగాలా?

ఆ అమ్మాయి తెలివైనది. ఎవరికో ఫోన్ చెయ్యాలంటూ కిందికి దిగిపోయింది. ఇద్దరే మిగిలారు.

"ఎప్పటి నుంచి?" అన్నాడాయన.

"పోయిన ఏడాది నుంచి."

"అసలేమీ కనబడదా?"

"మీరు ఏ వైపున్నారో తెలుస్తుంది."

"మరి నాకెందుకు చెప్పలేదోయ్?"

"చెబితే ఈ పని కూడా మీరే చేసేసుకుంటారు."

ఆయనకి కళ్ళనీళ్ళ పర్యంతమైంది. ఆవిడకి కనబడవని తెలిసి కూడా మొహం పక్కకి తిప్పుకున్నాడు. "కొత్త కారూ వద్దు, ఏమీ వద్దు. ఆ పాతదే ఉంచుకుందాం" అన్నాడు.

అప్పుడొచ్చింది అక్కకి కోపం. ఏడాదిగా లోపల అణిచిపెట్టుకున్నదంతా ఒక్కసారి పైకి తన్నుకొచ్చింది. "నా కళ్ళు పోయాయని మీ ముచ్చట ఎందుకు పోవాలండీ? ఇంకో బరువు నా నెత్తిన పెడతారా? కుళాయి ఎలా అమ్ముతారో కారు అలా కొనండి. ఎదుటివాళ్ళకి చెప్పేందుకేనా మీ నీతులు?"

ఆయన ఆ అమ్మాయిని పిలిచి ఎక్కించుకుని, కారుని షోరూమ్‌కి తిప్పాడు.

మర్నాటి నుంచి ఆ ఊరి షోరూముల వాళ్ళకి ఒక వింత బేరం తగిలింది. పెద్దమనిషి వస్తాడు, డ్రైవర్ సీటు వంకైనా చూడడు, పక్క సీట్లో కూర్చుని కళ్ళు గట్టిగా మూసుకుని తడుముతాడు. మైలేజీ అడగడు, ఇంజిన్ అడగడు. ఒకచోట ఆయనకి ఒంట్లో బాగాలేదేమోనని నీళ్ళు తెచ్చిచ్చారు. నాలుగో షోరూమ్‌లో ఆయన చెయ్యి ఒకదాని మీద ఆగింది. రెండు సీట్ల మధ్య గుండ్రటి చక్రం, తిప్పితే వేలికి తెలిసేలా టిక్కు టిక్కుమంటోంది. దాని పైన ఒక వరుస మీటలు, దేని గుబ్బ దానిదే. అక్కని తీసుకొచ్చి అందులో కూర్చోబెట్టాడు. అక్క చక్రం అటు మూడు, ఇటు మూడు తిప్పి ఊపిరి పీల్చుకుంది.

"అది పాత పద్ధతి సార్. వచ్చే ఏడాది మోడల్లో తీసేస్తున్నారు" అన్నాడు అక్కడి కుర్రాడు, తప్పు ఒప్పుకుంటున్నట్టు.

"అయితే తొందరగా కాగితాలు పట్టుకురా బాబూ" అన్నాడాయన.

కారు ఇంటికొచ్చాక వారం రోజులు, మధ్యాహ్నం పూట షెడ్డులో ఇద్దరూ అందులో కూర్చునేవారు. ఎక్కడికీ వెళ్ళరు. ఆయన స్క్రీన్ మీద ఉన్నది చదివేవాడు, ఆవిడ చక్రం తిప్పుతూ బట్టీ పట్టేది. పక్క మీట నొక్కి కుడికి రెండు టిక్కులైతే పాటలు. అయిదైతే వార్తలు. ఎడమకి వెళ్తే దారి చూపించే పటం, అది ఆవిడకి అక్కర్లేదు. అన్నీ పట్టుబడ్డాయనుకుంటుండగా ఒకరోజు కారు తనంతట తానే ఏదో కొత్త సాఫ్ట్‌వేర్ దింపుకుని, లోపలి వరుసంతా తారుమారు చేసేసింది. పాటలు రెండో టిక్కు నుంచి నాలుగోదానికి పోయాయి. అక్క అరగంట సేపు కారునీ, దాన్ని కనిపెట్టినవాళ్ళనీ నోటికొచ్చినట్టు తిట్టి, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

ఆయన కూడా ఏమంత మారిపోలేదు. నిజం తెలిశాక పదిరోజులు ఆవిణ్ణి స్నానాల గది గుమ్మం దాకా చెయ్యి పట్టుకుని నడిపించాడు. ఆవిడ కసిరితే మానేశాడు. టీ గిన్నె మాత్రం ఇంతవరకూ తిరిగివ్వలేదు.

వానాకాలం మొదట్లో ఆవిడ చెల్లెల్ని చూడటానికి కొండ దారిలో బయల్దేరారు. సగం దూరంలో వాన కుండపోతగా అందుకుంది. కారు అద్దాలన్నీ మూసుకుని ఉన్నాయేమో, లోపల ఆవిరి పట్టి ముందు అద్దం ఒక్క నిమిషంలో పాలు పూసినట్టయిపోయింది. ఆయన ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని, రెండో చేత్తో అద్దాన్ని తుడిచాడు. తుడిచినచోట మళ్ళీ కమ్మింది. ఎడమ వైపు లోయ ఉందని ఆయనకి తెలుసు, ఎంత దగ్గరగా ఉందో తెలియదు. బ్రేకు తొక్కి ఉన్నచోటే ఆపేశాడు.

"ఏమోయ్" అన్నాడు. "నాకేమీ కనబడటం లేదోయ్."

అక్క చెయ్యి మీటల వరుస మీదికి వెళ్ళింది. చివరి నుంచి మూడోది. నొక్కగానే గాలి అద్దం మీదికి హోరుమని కొట్టింది. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"వస్తోందా?"

"కింద కొంచెం వచ్చింది... ఆఁ, వస్తోంది. గీత కనబడుతోంది. లోయ దూరంగానే ఉంది."

గేరు మీద చెయ్యి పెట్టి కూడా ఆయన ఇంకా బండి కదిలించలేదు.

"నీకు రోజంతా ఇలాగే ఉంటుందా?" అన్నాడు.

"మొదట్లో ఉండేది" అంది అక్క. "అప్పుడు పక్కన ఎవరూ లేరు, నేనే చెప్పలేదుగా. పోనివ్వండి, వెనక ఎవరో హారన్ కొడుతున్నారు."