బుల్లెమ్మ మీద పడ్డ చిల్లంగి నింద

పలివెల దగ్గర కొబ్బరి పీచుతో తాళ్లు పేనుకుని బతికే బుల్లెమ్మకి మొగుడు పోయాక నా అన్నవాళ్లు లేరు.

2005 వానాకాలంలో అదే ఊళ్లో ఉండే పెద్దిరాజు తమ్ముడు అంజిబాబు లారీ తిప్పుతూ, ఆమె ఎండబెట్టుకున్న పీచు తొక్కించేశాడు. ఆమె నోటికొచ్చిన శాపనార్థాలన్నీ పెట్టింది. తర్వాత మారేడుమిల్లి అడవుల్లోకి కిరాయికి వెళ్లిన అంజిబాబు జ్వరంతో తిరిగొచ్చాడు. ఒంటిమీద తెలివి లేకుండా కేకలు.

"బుల్లెమ్మే చిల్లంగి పెట్టింది," అన్నాడు పెద్దిరాజు. చేతబడికి అక్కడి పేరు అది. పళ్లు పీకేస్తే మంత్రం పారదని నమ్మకం.

అంజిబాబు భార్య వెంకటదుర్గ అతణ్ని ఆటోలో కొత్తపేట ఆసుపత్రికి తీసుకుపోయింది. ల్యాబులో పనిచేసే కృపమ్మ అతని వేలు పొడిచి, రక్తపు చుక్కను చిన్న ప్లాస్టిక్ కార్డులో వేసింది.

"ఇందులో కంటికి కనబడనంత సన్నటి బంగారు రేణువులుంటాయమ్మా. రక్తంలో మలేరియా ఆనవాలుంటే దాన్ని పట్టుకుని ఎర్రగీతలా తేలతాయి."

గీత తేలింది. డాక్టరు వెంటనే సూదిమందు మొదలుపెట్టాడు. అంతలో ఊరినుంచి వచ్చిన ఆటో అతను, బుల్లెమ్మను కట్టేశారని చెప్పాడు. భర్తను కృపమ్మకి అప్పగించి, కార్డు పట్టుకుని దుర్గ అదే ఆటో ఎక్కింది.

ఆమె వచ్చేసరికి బుల్లెమ్మ కొబ్బరిచెట్టుకు కట్టి ఉంది. ఇద్దరు ఆమె తల వెనక్కి విరిచి పట్టుకున్నారు. పెద్దిరాజు చేతిలో పటకారు. ముందుపళ్లు అప్పటికే పోయాయి. రవికంతా నెత్తురు.

"బావగారూ, ఆపండి! మలేరియా అండి. రక్తంలో కనబడింది, ఇదుగో!"

"ప్లాస్టిక్ ముక్క చెబుద్దా నాకు?"

చాచి కొట్టాడు. దుర్గ పెదవి చిట్లింది. కార్డును కాలికింద వేసి నలిపాడు. అదే కాలితో బుల్లెమ్మ డొక్కలో తన్నాడు. ఎముక విరిగిన చప్పుడు విని, తల పట్టుకున్నవాళ్లు వదిలేశారు.

"ఇంక చాలండి, చచ్చిపోద్దండి," అన్నాడొకడు. పెద్దిరాజు ఆగలేదు. ఎవరో కబురు పెడితే పోలీసులు వచ్చి లాగేదాకా కొడుతూనే ఉన్నాడు.

అంజిబాబు బతికాడు. బుల్లెమ్మ ఆసుపత్రి నుంచి రాగానే ఊరి పెద్దలు వచ్చేరు.

"రాజీ పడిపో బుల్లెమ్మా. ఊళ్లో ఉండాల్సినదానివి."

"ఆయ్, ఊళ్లోనే ఉంటానండి. కోర్టుకీ వెళ్తానండి."

పళ్లు లేక మాట జారిపోతుంటే జడ్జిగారు మళ్లీ చెప్పమన్నారు. అడిగినప్పుడల్లా చెప్పింది. దుర్గ కూడా బావగారి మీద సాక్ష్యం చెప్పింది. పెద్దిరాజుకీ, తల పట్టుకున్న ఇద్దరికీ జైలు పడింది.

ఓరోజు అంజిబాబు వచ్చి గుమ్మం ముందు ఏడ్చాడు.

"జ్వరం రావడం నీ తప్పు కాదు బాబూ," అంది బుల్లెమ్మ. "కానీ నిన్ను చూస్తే నాకు మీ అన్న మొహమే కనబడతంది. ఎల్లిపో."

అతను కదలకముందే తలుపు గడియ వేసుకుంది.