అమెరికా జీతాల పట్టిక, రెండు వాగ్దాన కార్డులు

సౌదీలోని హుఫూఫ్‌లో శుక్రవారం ఉదయం మా ఫ్లాటులో ఏడుగురం ప్రార్థనకు కూడుకుంటాం. ఆరుగురం నర్సులం, ఒకామె ల్యాబ్ టెక్నీషియన్. తలుపేసి, గొంతు తగ్గించి పాడతాం. ఈ మధ్య సాక్ష్యాల సమయమంతా అమెరికా జీతాల పట్టికకే పోతోంది. అక్కడ ఏ పనికి జీతం పెరిగింది, ఏ పనికి మనుషులు చాలడం లేదు, ఏ పని యంత్రాల పాలవుతోంది, అన్నీ ల్యాబ్ చెల్లి ఫోనులో ఉంటాయి. ఆమె నా గదిలోనే ఉంటుంది.

“వెల్డర్లకీ పెరిగిందంటక్కా! ట్రక్కు డ్రైవర్లకీ పెరిగిందంట!”

“నువ్వు ట్రక్కు తోల్తావా? ముందు పాట ఎత్తుకో,” అన్నాను.

అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. బైబిలు కథలో పొద్దున వచ్చిన కూలికీ చివరి గంటలో వచ్చిన కూలికీ ఒకే కూలి ఇచ్చే యజమానిని నమ్ముకున్నవాళ్ళం మేము!

పట్టికనైనా భరించేదాన్ని. కానీ ఆమె హాస్పిటల్ ఇచ్చిన కాంట్రాక్టు రెన్యువల్ కాగితం మీద సంతకం పెట్టడం లేదు. ఆదివారం దాటితే ఎగ్జిట్ వీసా వేసి ఇంటికి పంపేస్తారు. అమెరికా లైసెన్సు పరీక్షకు ఇంకా దరఖాస్తు కూడా చేయలేదు.

“ప్రభువే బయలుదేరమన్నాడక్కా,” అంటూ వాగ్దాన కార్డు చూపించింది.

కొత్త సంవత్సరం నాడు పళ్ళెంలో బోర్లించిన కార్డుల్లోంచి తలా ఒకటి తీస్తాం. అందులోని వాక్యమే ఆ ఏడాదికి మనకిచ్చిన మాట. డ్యూటీలో ఉన్నవాళ్ళకు ఇంకొకరు తీస్తారు. ఈసారి వేరే ఫ్లాటులో కూడుకున్నప్పుడు ఆమెకు తీసింది నేనే. నాదీ ఆమెదీ రెండు కార్డులూ ఒకే బ్యాగులో వేసుకుని, గదికొచ్చాక చేతికి దొరికింది ఆమెకిచ్చాను.

ఆ రోజంతా ఆమె మీద చిరాకు పడుతూ తిరిగాను. శనివారం ఆమె బియ్యం కడుగుతుంటే చెప్పేశాను.

“చెల్లీ, ఆ రోజు కార్డులు కలిసిపోయాయి. నీదేదో నాదేదో నాకు తెలీదు.”

ఆమె చేతులు ఆగాయి. “నీ దాంట్లో ఏముంది?”

“ఉన్నచోట నిలకడగా ఉండమని.”

“దేవుడి మాటని కొత్తిమీర కట్టలాగా బ్యాగులో పడేసుకొచ్చావా అక్కా?”

వాక్యం అంత బాగా తెలిసినదాన్ని, కార్డుని చీటీలా తీసి చీటీలాగే పంచాను.

ఆదివారం ఆమె సంతకం పెట్టింది. పరీక్షకు దరఖాస్తూ చేసింది. నా కార్డు తను తీసుకుని, తనది నా దిండు మీద పెట్టింది. ఫోనులో పట్టిక కూడా పంపింది.

“నర్సుల వరస చూడక్కా. వెళ్ళాల్సింది నువ్వేనేమో.”

ఇప్పుడు శుక్రవారం వస్తే చాలు, పాట అయ్యీ అవకముందే మిగతా ఆరుగురూ నన్నే అడుగుతున్నారు, ఎప్పుడు బయలుదేరుతున్నావని.