గుర్రుమన్నందుకు

మొన్న కొత్తపేటలో చుట్టాలింట కాఫీ తాగుతూ ఉంటే, సోఫా కింద నుంచి సన్నగా గుర్రుమనే చప్పుడు వినబడింది. ఆ ఇంటి పసివాడు కుక్కపిల్ల తోక పట్టుకుని లాగుతున్నాడు. వాళ్ళమ్మ చెప్పు తీసి కుక్కపిల్లని ఒక్కటేసింది. అది కుయ్యోమంటూ మూలకి పోయింది. అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. రమణమ్మ పిన్నిగారే ఉండి ఉంటే ఆ హాల్లో ఒక్కరినీ వదిలేవారు కాదు.

ఆవిడ మామిడికుదురులో మా పక్కింటావిడ. కొబ్బరితోట, రెండు గేదెలు, ఎవరికీ జంకని నోరు. విచిత్రం ఏమిటంటే, కోపం పెరిగేకొద్దీ ఆవిడ మాటలో మర్యాద పెరిగేది. అందరినీ ‘ఒరే’ అని పిలిచే మనిషి ‘అండీ’ మొదలుపెట్టారంటే ఎదుటివాడి పని అయిపోయినట్టే.

అప్పట్లో మా ఆయన కువైట్‌లో ఉండేవారు. మూడేళ్ళ మా అమ్మాయి చిన్నికి ఆటగా ఉంటుందని మా బావగారు ఒక కుక్కపిల్లని తెచ్చారు. బంటి అని పేరు పెట్టాం. పాపం, దానికి తిండీ లేదు, నిద్రా లేదు. చిన్ని దాని చెవులు లాగేది, తింటున్న పళ్ళెంలో చెయ్యి పెట్టేది. బావగారు అదంతా ఫోన్‌లో చూపిస్తుంటే అటునుంచి మా ఆయన, “ఇంకోసారి లాగమను అన్నయ్యా” అని పగలబడి నవ్వేవారు. బంటి గుర్రుమంటే బావగారు మూతి మీద కొట్టేవారు. కొట్టగా కొట్టగా అది గుర్రుమనడమే మానేసింది. “చూసేవామ్మా, దారికొచ్చేసింది” అన్నారు నాతో. ఆ తర్వాత కొద్దిరోజులకే, పళ్ళెంలో చెయ్యి పెట్టిన చిన్నిని చప్పుడు లేకుండా కరిచింది.

ఏడుపు విని పిన్నిగారు పరిగెత్తుకొచ్చారు. ముందు ఆ చేతిని కుళాయి కింద సబ్బుతో చాలాసేపు కడిగించి, మమ్మల్ని ఆటో ఎక్కించి, ఆసుపత్రిలో సూది వేయించారు. తిరిగి వచ్చేసరికి బావగారు గోనెసంచి పట్టుకుని నిలబడి ఉన్నారు. కుక్కపిల్లని ఏటి అవతల వదిలేసి వస్తారట.

పిన్నిగారు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. “ఆయ్, తీసుకెళ్ళండి బాబుగారూ. తప్పంతా దానిదేనండి. వద్దు వద్దని చెప్పినన్నాళ్ళూ మూతి పగలగొట్టేరు కదండీ. నోరు మూయించేసేక ఇంకెలా చెప్పాలండీ అది?”

“పిల్లని కరిచిందండీ!” అన్నారు బావగారు.

“పిల్లనీ దాన్నీ ఒక్కచోట వదిలేసి, ఫోను పట్టుక్కూచున్న పెద్దోళ్ళని కరవాల్సిందండి. చంటిది దొరికిందండి దానికి.”

బావగారు సంచి అక్కడే పడేసి వెళ్ళిపోయారు. నాకు మాత్రం భయం తగ్గలేదు. “ఈసారి మొహం మీద కరిస్తేనో పిన్నిగారూ?” అన్నాను.

“భయపడవే, మంచిదే. భయపడి కనిపెట్టుకునుండు. ఒక్క క్షణం కూడా వాళ్ళిద్దర్నీ ఒంటరిగా వదలకు.”

వెనక వసారా గుమ్మానికి అడ్డంగా చెక్క పెట్టించారు. బంటి తిండీ నిద్రా దాని అవతలే. పళ్ళు దురద పెట్టే వయసు కదా అని, తడిగుడ్డ మెలిపెట్టి ముడేసి కొరుక్కోమని ఇచ్చారు. ఆటలో పన్ను తగిలితే కేకలు పెట్టి పరిగెత్తకుండా, చేతులు కట్టుకుని కదలకుండా నిలబడమని చిన్నికి నేర్పారు. కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం, మా ఎదుటే, బంటి మళ్ళీ గుర్రుమంది. చిన్ని చెయ్యి వెనక్కి తీసుకుంది. “మామ్మా, ఇది వద్దంటోంది” అంది. పిన్నిగారు చిన్నిని ఎత్తుకుని ముద్దాడారు. నాకు ఆ రాత్రి కంటినిండా నిద్ర పట్టింది.

పిన్నిగారు ఇప్పుడు లేరు. చిన్ని హైస్కూలుకి వెళ్తోంది. ఈమధ్య ఒక పెళ్ళిలో, మా ఆయన వైపు పెద్దమనిషి ఒకాయన దాని భుజం పట్టుకుని, “చిన్నప్పుడు ఎత్తుకున్నాను, రా, ముద్దివ్వు” అని దగ్గరికి లాక్కున్నాడు. అది “వద్దండీ” అంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు, “పెద్దాయనతో అలా అనొచ్చా, తప్పు” అని దాన్నే కసిరారు. నేను వెళ్ళి ఆయన చెయ్యి తీసేశాను. “వద్దందండి. వినబడలేదా అండీ?” అన్నాను, పందిట్లో అందరికీ వినబడేలా.

మా ఆయన ముఖం ముడుచుకున్నారు. ముడుచుకోనీ. నా కూతురికి వద్దనడం వచ్చు. దాన్ని మాన్పించే పని ఎవరినీ చెయ్యనివ్వను, కన్నతండ్రినైనా సరే.